సెలినిటీ 4, పొటాషియం 9: బోరు నీటి వనామీ చెరువులో మరణాలపై కేస్ స్టడీ

చెరువు ఎకరం. నాలుగడుగుల లోతు నీరు, సగం బోరుది, సగం కాలువది. రిఫ్రాక్టోమీటరులో సెలినిటీ (నీటి ఉప్పదనం) 4 పీపీటీ, అంటే లీటరుకు సుమారు 4 గ్రాముల ఉప్పు. చదరపు మీటరుకు 50 లెక్కన రెండు లక్షల వనామీ రొయ్య పిల్ల వదిలారు. మొదటి ఇరవై రోజులు ఏ గొడవా లేదు. 25వ రోజు దాటాక చెక్‌ట్రేలో (మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్ళెంలో) రోజూ రెండు మూడు చచ్చిన రొయ్యలు, గట్టు వారన పది పదిహేను కనపడసాగాయి. 32వ రోజుకి మేత నాలుగో వంతు పడిపోయింది. విసురు వల వేసి పైకి తీస్తే కొన్ని రొయ్యలు తోక లోపలికి ముడుచుకుని కొంకర్లు పోతున్నాయి. నీళ్ళలో వేసినా సాగడం లేదు. గాజులా ఉండాల్సిన తోక కండ పాలు కలిపినట్టు తెల్లబడింది. చచ్చినవాటిలో ఎక్కువ భాగం అప్పుడే గుల్ల విడిచినవి, చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నాయి.

ఇది ఏ ఒక్క రైతు చెరువు రికార్డో కాదు. బోరు, కాలువ నీళ్ళు కలిపి వనామీ వేసే లోతట్టు చెరువుల్లో కనపడే సమస్యను లెక్కలతో సహా చూపడానికి కూర్చిన నమూనా కేసు. అంకెలు ఒకదానితో ఒకటి పొసిగేలా వేసినవి కాబట్టి, మీ ల్యాబ్ రిపోర్టు పక్కన పెట్టుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు.

ముందు ఏవి కావో తేల్చడం

కొంకర్లు పోయిన రొయ్యను చూడగానే మినరల్స్ మీద పడిపోకూడదు. కండ తెల్లబడటానికి కారణాలు చాలానే ఉన్నాయి. కండ కుళ్ళు వైరస్, అంటే ఐఎంఎన్‌వీ, తోక చివరి కణుపుల నుంచి తెల్లబరుస్తుంది. మైక్రోస్పోరిడియా పరాన్నజీవులు కండను దూదిలా చేస్తాయి. ఎండలో వల లాగి గంటసేపు టబ్బులో ఉంచినా కండ తెల్లబడుతుంది. అందుకే పొద్దున్నే, ఆరు గంటల లోపు, అయిదారు చోట్ల వల వేసి చూడాలి. చల్లని వేళలో, తీసిన అర నిమిషంలోనే ముడుచుకుంటే ఆ ముడుచుకోవడానికి అర్థం ఉంది.

ఈ కేసులో పీసీఆర్‌కి, అంటే రోగక్రిమి జన్యువును పట్టే పరీక్షకి, మూడు అడగాలి: తెల్లమచ్చ వైరస్, ఐఎంఎన్‌వీ, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి. మూడూ నెగెటివ్ అనుకుందాం. మొప్ప రేకు ఒకటి కత్తిరించి స్లైడు మీద చుక్క చెరువు నీటితో 100 రెట్లలో చూస్తే నల్ల మచ్చలు లేవు, గంటల్లా వేలాడే జూథామ్నియం అనే సూక్ష్మజీవి గుంపులు లేవు. హెపటోపాంక్రియాస్ (జీర్ణగ్రంథి) కొంచెం నలిపి 400 రెట్లలో చూస్తే నాళికల గోడలు మామూలుగా ఉన్నాయి గానీ నూనె బిందువులు పలచగా ఉన్నాయి. ఆ బిందువులు ఆర్-కణాల నిల్వ సరుకు. నాళికలు పాడవకుండా నిల్వ మాత్రమే తరిగిందంటే, రొయ్య తిన్నదానికంటే ఎక్కువ ఖర్చు పెడుతోందన్నమాట. ఆ ఖర్చు ఎక్కడ అవుతోందన్నదే కేసు.

ఈహెచ్‌పీ నెగెటివ్ రావడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే చెప్పుకోవాలి. 2009లో థాయ్‌లాండ్‌లో పేరు పెట్టిన ఈ పరాన్నజీవికి సొంత మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాలు, లేవు, వాటి చోట మైటోసోములనే చితికిన అవశేషాలు ఉంటాయి. ఈ కుటుంబం చక్కెరను విరిచి శక్తి తీసుకునే దారిని కూడా పోగొట్టుకుంది. అది హెపటోపాంక్రియాస్ కణం లోపలే కాపురం పెట్టి, తన పొర మీదున్న వాహక ప్రొటీన్లతో ఆ కణం శక్తిని దాచుకునే ఏటీపీని లాగేస్తుంది. వీధి లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకున్నట్టు. అక్కడా నూనె బిందువులు తగ్గుతాయి, అక్కడా ఎదుగుదల ఆగుతుంది. అయితే ఈహెచ్‌పీ చెరువులో మొదట కొట్టొచ్చినట్టు కనపడేది సైజుల తేడా. కొంకర్లు, గుల్ల విడిచే రోజుల్లో చావులు మొదట రావు. స్లైడు ఒక్కటే చూసి తేల్చేస్తే రెండూ కలగలిసిపోతాయి.

నీటి రిపోర్టు చదవడం

ఉదయం 5 గంటలకు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) 3.8, పీహెచ్ పొద్దున 7.9, సాయంత్రం 8.5. ఆల్కలినిటీ 220. మొత్తం అమోనియా 0.6, నైట్రైట్ 0.3. ఇక్కడి దాకా చూసి "నీళ్ళు బాగానే ఉన్నాయి" అనేస్తారు. అసలు విషయం తర్వాతి అంకెల్లో ఉంది. అన్నీ లీటరుకు మిల్లీగ్రాముల్లో:

సోడియం 1,150
పొటాషియం 9
కాల్షియం 120
మెగ్నీషియం 100
క్లోరైడ్ 1,950

సముద్రపు నీటిని మంచినీటితో పలచన చేసి 4 పీపీటీకి తెచ్చామనుకోండి. అందులో ఏది ఎంత ఉంటుందో లెక్కకట్టడానికి ఆక్వా ల్యాబుల్లో వాడే గుణకాలున్నాయి. సెలినిటీని సోడియానికి 304.5తో, పొటాషియానికి 10.7తో, మెగ్నీషియానికి 39.1తో, కాల్షియానికి 11.6తో, క్లోరైడుకి 551తో హెచ్చవేయాలి. 4 పీపీటీకి సోడియం 1,218, పొటాషియం 43, మెగ్నీషియం 156, కాల్షియం 46, క్లోరైడ్ 2,204 వస్తాయి.

మన చెరువులో సోడియం, క్లోరైడ్ దాదాపు సరిపోయాయి. రిఫ్రాక్టోమీటరు 4 చూపించిందంటే ఆ రెంటి చలవే. కాల్షియం కావలసినదానికి రెండున్నర రెట్లు. పొటాషియం అయిదో వంతు మాత్రమే ఉంది. సోడియం–పొటాషియం నిష్పత్తి సముద్రంలో 28:1 ఉంటే ఇక్కడ 128:1. రిఫ్రాక్టోమీటరు కాంతి ఎంత వంగిందో చూసి మొత్తం ఉప్పు చెబుతుంది. ఆ ఉప్పు ఏ లవణాల కలయికో దానికి తెలీదు. రొయ్య మొప్పకి కావలసింది మాత్రం ఆ కలయికే.

రిపోర్టు చదవడంలో ఒక పెద్ద పొరపాటు. చాలా ల్యాబులు కాల్షియం, మెగ్నీషియాలను అయాన్లుగా రాయవు, కాల్షియం కార్బొనేట్ లెక్కన హార్డ్‌నెస్‌గా రాస్తాయి. ఈ చెరువుకి మొత్తం హార్డ్‌నెస్ 710, కాల్షియం హార్డ్‌నెస్ 300 అని వస్తుంది. కాల్షియం అయాను కావాలంటే 300ని 0.4తో హెచ్చవేయాలి, 120. మెగ్నీషియానికి 710 లోంచి 300 తీసేసి, మిగిలిన 410ని 0.243తో హెచ్చవేస్తే దాదాపు 100. ఈ మార్పిడి చేయకుండా 410నే మెగ్నీషియం అనుకుంటే "మెగ్నీషియం దండిగా ఉంది" అన్న తప్పు నిర్ధారణకి వస్తాం. పొటాషియానికి ఈ తిప్పలు లేవు గానీ రంగు మారే చౌక కిట్లు తక్కువ మోతాదుల దగ్గర తడబడతాయి. ఫ్లేమ్ ఫొటోమీటరు ఉన్న ల్యాబుకే పంపాలి. సీసాని ముందు అదే చెరువు నీటితో మూడుసార్లు తొలిపి, అడుగు మట్టి కలవకుండా నీటి మధ్యలోంచి పట్టాలి.

మొప్ప కణంలో ఏం జరుగుతోంది

వనామీ రక్తం ఉప్పదనం, బయటి నీటి ఉప్పదనం సుమారు 25 పీపీటీ దగ్గర సమానంగా ఉంటాయి. అక్కడ ఉప్పును లోపలికి లాగాలన్నా బయటికి తోయాలన్నా పెద్ద పని ఉండదు. 4 పీపీటీలో రక్తం బయటి నీటికంటే నాలుగైదు రెట్లు చిక్కన. ఉప్పు బయటికి కారిపోతూ ఉంటుంది, నీరు లోపలికి చొరబడుతూ ఉంటుంది. ఈ కారడాన్ని ఎప్పటికప్పుడు పూడ్చే పని మొప్పల్లోని అయాన్ కణాలది.

ఆ కణానికి రెండు ముఖాలు. ఒకటి చెరువు నీటి వైపు, రెండోది రక్తం వైపు. రక్తం వైపు పొర సాఫీగా ఉండదు. కుచ్చిళ్ళు పోసిన చీరలా కణం లోతుల్లోకి మడతలు మడతలుగా దిగుతుంది. ప్రతి మడత మధ్యా మైటోకాండ్రియా బారులు తీరి ఉంటాయి. ఎందుకంటే ఆ మడతల్లోనే సోడియం–పొటాషియం పంపులు కూర్చున్నాయి. ఒక్క ఏటీపీ ఖర్చుతో పంపు మూడు సోడియాలను కణంలోంచి రక్తంలోకి తోసి, రక్తంలోంచి రెండు పొటాషియాలను కణంలోకి తెస్తుంది. కణంలో సోడియం తగ్గుతుంది కాబట్టి చెరువు వైపు పొర గుండా కొత్త సోడియం లోపలికి వస్తుంది. దాని వెంట క్లోరైడ్. తోడుతున్న కొద్దీ ఊరే బావి లాంటి ఏర్పాటు.

చాలామంది తప్పుగా అనుకునేది ఒకటి ఇక్కడ ఉంది. పంపు పొటాషియాన్ని చెరువు నీటిలోంచి పట్టదు. దాని పొటాషియం గుంట రక్తం వైపు తెరుచుకుని ఉంటుంది. మరి చెరువులో పొటాషియం తగ్గితే పంపుకి ఏమిటి నష్టం? రొయ్యకి పొటాషియం మేతలోంచీ, మొప్పల గుండా నీటిలోంచీ రావాలి. కారిపోయేది నిరంతరం కారిపోతూనే ఉంటుంది. నీటిలో 9 మాత్రమే ఉంటే రాబడి పోకడకి చాలదు, రక్తంలో పొటాషియం క్రమంగా దిగుతుంది. గుంట నిండకపోతే పంపు మూడు సోడియాలను తోసి, తిరుగు ప్రయాణంలో సవారీ దొరక్క ఆగిపోతుంది. పీతల మీద జరిగిన పరిశోధనలు మరోటి కూడా చూపించాయి. నీటి వైపు పొరలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ కలిసి ఎక్కితేనే కదిలే వాహకం ఉంటుంది. ముగ్గురిలో పొటాషియం రాకపోతే మిగతా ఇద్దరి ప్రయాణమూ ఆగినట్టే. పొటాషియం ఒక్కటే కాకుండా సోడియంతో దాని నిష్పత్తి కూడా చూడమనేది ఇందుకే. బయట సోడియం పెరిగినకొద్దీ పంపుల పని పెరుగుతుంది, ఆ పనికి తగ్గ పొటాషియం కావాలి.

పంపు కుంటుపడితే కణం వెంటనే చావదు. ముందు మరిన్ని పంపులు తయారుచేస్తుంది, మైటోకాండ్రియా మరింత ఆక్సిజన్ కాలుస్తాయి. హెపటోపాంక్రియాస్‌లో నూనె బిందువులు తరిగింది ఈ దశలోనే. మరోవైపు ఒంటి కణాలు, రక్తం పలచనవుతున్న కొద్దీ, లోపలికి వచ్చే నీటికి ఉబ్బిపోకుండా గ్లైసిన్, ప్రోలిన్ వంటి అమైనో ఆమ్లాలను బయటికి వదిలి తమ సాంద్రత తగ్గించుకుంటాయి. వాటిలోని నత్రజని అమోనియాగా చెరువులోకే చేరుతుంది. అంటే మేత తగ్గినా అమోనియా తగ్గకపోవచ్చు.

ఇంకా సాగితే కణంలో సోడియం పేరుకుంటుంది, దాని వెంట కాల్షియం పెరుగుతుంది.  అది హద్దు దాటితే కణం తనను తాను కూల్చుకునే ఆదేశం జారీ అయినట్టే. ఇక ఆ మొప్ప రేకు అంత మేర పనికిరాదు. ఇదంతా స్లైడు మీద కనపడదు, మొప్ప శుభ్రంగానే కనిపిస్తుంది. "మొప్పలు బాగున్నాయి" అన్న మాటని రేకు మీద బూజు లేదన్నంత వరకే నమ్మాలి.

కొంకర్ల సంగతి కండ కణంలోది. కండ ముడుచుకోవాలంటే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే సంచి కాల్షియాన్ని వదలాలి. సాగాలంటే ఆ కాల్షియాన్ని మళ్ళీ సంచిలోకి పంపు చేయాలి. ఆ పంపు వాడేది మెగ్నీషియం జతకూడిన ఏటీపీ. పొర మీది విద్యుత్ తేడా పొటాషియం వల్ల నిలబడుతుంది. శక్తి అడుగంటి, పొటాషియం దిగజారిన రొయ్యని వలలో పడి నాలుగుసార్లు ఎగిరిపడేలా చేస్తే, ముడుచుకోవడం జరుగుతుంది, సాగడం జరగదు.

గుల్ల విడిచే రాత్రి

చావులు గుల్ల విడిచే రోజుల్లోనే ఎందుకు? గుల్ల విడిచే ముందు కంటి కాడలోని గ్రంథి ఆపివేత హార్మోనును తగ్గిస్తుంది. అడ్డు తొలగగానే వై-అవయవం ఎక్డైసోన్ తయారుచేస్తుంది. ఆ తయారీలో కొన్ని మెట్లు ఎండోప్లాస్మిక్ రెటిక్యులంలో, కొన్ని మైటోకాండ్రియాలో జరుగుతాయి. ముడిసరుకు కొలెస్టరాల్. రొయ్య దాన్ని సొంతంగా చేసుకోలేదు, మేతలోంచే రావాలి. కణపొరలకి బిగువునిచ్చేదీ ఆ కొలెస్టరాలే. మేత తగ్గిన చెరువులో రెండింటికీ కోత పడుతుంది.

హార్మోను సంకేతం అందిందంటే రొయ్య ఇక ఆగదు, లోపల సిద్ధంగా ఉన్నా లేకపోయినా గుల్ల వదిలేస్తుంది. వదిలిన మరుక్షణం నీరు తాగి ఒళ్ళు ఉబ్బించుకోవాలి, కొత్త గుల్లకి నీటిలోంచి కాల్షియం లాక్కోవాలి. కొత్త పొర పలచన కాబట్టి ఉప్పు కారడం కూడా అప్పుడే ఎక్కువ. మామూలు రోజుల్లో ఎలాగోలా నెట్టుకొస్తున్న అయాన్ కణాల మీద ఒక్క రాత్రిలో ఇంత బరువు పడుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర చావులు ఎక్కువని రైతులు చెప్పేది చాలాసార్లు ఈ గుల్ల విడుపు లెక్కే.

మూడు బకెట్లు

ల్యాబ్ రిపోర్టు వచ్చేలోపు, వచ్చినా సరే, చెరువులో బస్తాలు పోసే ముందు చేయాల్సిన చవక పరీక్ష ఇది. 20 లీటర్ల బకెట్లు మూడు. మూడింటిలో అదే చెరువు నీరు. మొదటి దాంట్లో ఏమీ కలపొద్దు. రెండో దాంట్లో 0.8 గ్రాముల మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, అంటే ఎంఓపీ. దీంతో పొటాషియం లీటరుకు 20 మిల్లీగ్రాములు పెరుగుతుంది. మూడో దాంట్లో 0.8 గ్రాముల మామూలు ఉప్పు. తూకానికి బంగారం కొట్టులో వాడే లాంటి చిన్న కాటా కావాలి, చిటికెతో కుదరదు. ఒక్కోదాంట్లో పది రొయ్యలు, వలలో ముడుచుకున్నవి కాకుండా చూడ్డానికి మామూలుగా ఉన్నవి. ఎయిర్ స్టోన్ వేసి, పైన వల కప్పి, నీడన 48 గంటలు. మేత వేయొద్దు.

రెండో బకెట్టులో చావులు తగ్గి, మూడో బకెట్టు మొదటిదానిలాగే ఉంటే లోటు ఉప్పుది కాదు, పొటాషియందని చెరువే చెప్పినట్టు. మూడు బకెట్లలోనూ ఒకేలా చస్తే పొటాషియం మీద డబ్బు పెట్టడం ఆపి, రోగాల వైపు మళ్ళీ వెతకాలి. మూడో బకెట్టు లేకుండా ఈ పరీక్ష చేస్తే ఫలితం చెప్పడానికి వీలుండదు.

మోతాదు

ఎకరానికి నాలుగడుగుల నీరంటే సుమారు 4,900 ఘనపు మీటర్లు, 49 లక్షల లీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము పెంచాలంటే 4.9 కిలోల పొటాషియం కావాలి. ఎరువుల షాపులో దొరికే ఎంఓపీ బస్తా మీద 60 శాతం అని ఉంటుంది. అది పొటాష్ లెక్క, అంటే కె-టూ-ఓ. అసలు పొటాషియం దానిలో 0.83 వంతు, మొత్తం బరువులో దాదాపు సగం. కాబట్టి ఒక మిల్లీగ్రాముకి పది కిలోల ఎంఓపీ అని గుర్తుపెట్టుకుంటే చాలు. 60 శాతాన్నే పొటాషియం అనుకుని మోతాదు వేస్తే ఆరో వంతు తక్కువ పడుతుంది. ఎరుపు ఎంఓపీ, తెలుపు ఎంఓపీ రెండూ పనిచేస్తాయి, ఎరుపు ఇనుము మలినం వల్ల వచ్చినది.

ఒకేసారి 43కి వెళ్ళే అవసరం లేదు. ముందు నిష్పత్తిని 40:1కి తేవాలి, అంటే పొటాషియం 29. పెంచాల్సింది 20, ఎంఓపీ 200 కిలోలు, నాలుగు బస్తాలు. మొదటి రోజు 80, రెండో రోజు 80, మూడో రోజు 40. పొడి బస్తా గట్టు మీద నుంచి గుమ్మరిస్తే గింజలు అడుగు బురదలో దిగి అక్కడే కరుగుతాయి. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు నింపి బస్తా పోసి కర్రతో కలపాలి. ఎంఓపీ కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది, డ్రమ్ము పక్కన చెయ్యి పెడితే కుండనీళ్ళలా చల్లబడటం తెలుస్తుంది. ఆ చల్లదనం పోయేదాకా ఆగి, ఏరేటర్లు తిరుగుతుండగా వాటి ముందు నీటి ఒరవడిలో పోయాలి. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య అనువైన వేళ.

మెగ్నీషియం లెక్క వేరు. లోటు 56 మిల్లీగ్రాములు. మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేటులో మెగ్నీషియం పదో వంతుకన్నా కాస్త తక్కువ. లోటంతా పూడ్చాలంటే ఎకరానికి 2,800 కిలోలు పోయాలి. అంత ఖర్చు దండగ. 100 అంటే చచ్చేంత తక్కువేమీ కాదు. పొటాషియం సరిచేశాక, 20 మిల్లీగ్రాములు పెంచేలా వెయ్యి కిలోల సల్ఫేటు గానీ, 820 కిలోల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేటు గానీ రెండు వారాల్లో విడతలుగా వేస్తే చాలు. రెండిట్లో ఏది చవకైతే అది. నైట్రైట్ బెడద ఉన్న చెరువైతే క్లోరైడే మేలు, కారణం కింద ఉంది.

మందుల షాపులో "మినరల్ మిక్స్" పేరుతో దొరికే సంచి ఎకరాకి పది కిలోలు వేస్తే ఏమవుతుంది? అది మొత్తం స్వచ్ఛమైన ఎంఓపీయే అనుకున్నా పెరిగేది ఒక్క మిల్లీగ్రాము. లేబుల్ మీద పొటాషియం శాతం చూసి ఈ భాగహారం చేసుకుంటే వాదన అక్కడితో ముగుస్తుంది.

మట్టి తీసుకునే వాటా

ఏడో రోజు మళ్ళీ టెస్టు చేస్తే పొటాషియం 29 ఉండాలి, 22 వచ్చింది. ల్యాబ్ తప్పని పోట్లాడక్కర్లేదు. నల్లరేగడి బంకమట్టి రేణువుల మీద రుణ విద్యుదావేశం ఉంటుంది, అవి పొటాషియాన్ని పట్టుకుని బదులుగా వేరే అయాన్లను వదులుతాయి. కొన్ని రకాల బంకమట్టి పొరల మధ్యలోకి దూరిన పొటాషియం తిరిగి రాదు. కొత్తగా తవ్విన చెరువుల్లో, అడుగు గీకిన చెరువుల్లో ఈ కోత ఇంకా ఎక్కువ. రెండో విడత 100 కిలోలు వేస్తే లెక్క ప్రకారం 32 కావాలి, 29 వచ్చి నిలబడుతుంది. మట్టి ఆకలి విడతకి విడత తగ్గుతుంది కాబట్టి ప్రతి విడత తర్వాత ఏడు రోజులకి కొలవకుండా తర్వాతది నిర్ణయించకూడదు.

మొదటి విడత పడ్డాక మూడు నాలుగు రోజులు చావులు ఆగకపోవచ్చు. రక్తంలో పొటాషియం నిండాలి, దెబ్బతిన్న కణాల చోట కొత్తవి రావాలి. ఈ మధ్యలో మేత పెంచకూడదు. చెక్‌ట్రే రెండు గంటల్లో ఖాళీ అవుతున్నా రెండు రోజులు అదే మోతాదు ఉంచాలి. డీవో మాత్రం తెల్లవారుజామున 4 కంటే తగ్గనివ్వకుండా చూడాలి. ఆక్సిజన్ లేని చోట మైటోకాండ్రియా ఏటీపీ చేయలేవు. పంపుకి పొటాషియం అందినా నడిపే శక్తి ఉండదు. కోలుకున్న గుర్తు మొదట వలలో కనపడుతుంది, ముడుచుకున్న రొయ్య నీళ్ళలో వేయగానే సాగి పారిపోతుంది. మేత కోలుకోవడం దాని తర్వాత.

ఈ చెరువులో సాధారణంగా ముందు చేసే తప్పులు

గుల్ల మెత్తగా ఉందని సున్నం వేస్తారు. కాల్షియం ఇప్పటికే 120 ఉంది, కావలసింది 46. సున్నంతో పీహెచ్ ఎగబాకుతుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.5 దగ్గర మొత్తం అమోనియాలో విష రూపం రెండున్నర శాతమే, 8.5 దగ్గర అది దాదాపు 20 శాతం. విష రూపానికి విద్యుదావేశం లేదు, మొప్ప పొర గుండా ఏ వాహకమూ అక్కర్లేకుండా దూరిపోతుంది. సున్నం లేని సమస్యని తెచ్చిపెడుతుంది.

సెలినిటీ తక్కువైందని కళ్ళుప్పు పోస్తారు. టన్ను ఉప్పుతో ఈ చెరువులో సోడియం 80 పెరిగి 1,230 అవుతుంది, పొటాషియం 9 దగ్గరే ఉంటుంది. 128:1 కాస్తా 137:1. రిఫ్రాక్టోమీటరు గీత కదిలినందుకు సంతోషం, రొయ్యకి మాత్రం అదనపు బరువు.

ఉప్పు వేయడానికి న్యాయమైన సందర్భం ఒకటుంది, అది నైట్రైట్. నైట్రైట్ అయాను మొప్ప పొరలో క్లోరైడ్ వెళ్ళే గుమ్మం గుండానే లోపలికి వస్తుంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయానిన్‌లోని రాగిని పాడుచేస్తుంది. బయట క్లోరైడ్ ఎక్కువుంటే గుమ్మం దగ్గర తోపులాటలో నైట్రైట్ వెనకబడుతుంది. వనామీకి సురక్షితమని లెక్కగట్టిన నైట్రైట్ నత్రజని పరిమితి 35 పీపీటీలో 25.7 అయితే, 15 పీపీటీలో 6.1 మాత్రమే. 4 పీపీటీలో ఇంకా తగ్గుతుంది. మన చెరువులో 0.3 ఉంది కాబట్టి ఇప్పుడు దీని గొడవ లేదు. 60వ రోజు దాటి మేత పెరిగాక మాత్రం వారానికి రెండుసార్లు చూడాలి.

యాంటీబయాటిక్ గురించి ఒక్క మాట. ఇక్కడ చంపాల్సిన బ్యాక్టీరియా లేదు. కొన్ని యాంటీబయాటిక్‌లు మైటోకాండ్రియాలోని ప్రొటీన్ తయారీని కూడా దెబ్బతీస్తాయి. అప్పుడే అలసిపోయిన కణానికి అదొక దెబ్బ, ఎగుమతిలో అవశేషాలు దొరికితే ఇంకో దెబ్బ.

మేతలో పొటాషియం, మెగ్నీషియం కలిపితే సరిపోదా అని అడుగుతారు. కొంత మేలు ఉంది, ముఖ్యంగా లెసిథిన్, కొలెస్టరాల్ సరిపడా ఉన్న మేతతో. అయితే మేత తినడం తగ్గిన రొయ్యకి మేతలో మందు పెట్టడం ఎంతవరకు పనిచేస్తుందో ఆలోచించుకోవాలి. తినకపోయినా మొప్పలు ఇరవై నాలుగు గంటలూ నీటిలోనే ఉంటాయి. అమెరికాలో అలబామా లోతట్టు చెరువుల్లో భూగర్భ జలంలో పొటాషియం లేక వనామీ చస్తున్నప్పుడు, 2000 దశకం తొలినాళ్ళలో దారి చూపింది నీటిలో వేసిన పొటాష్ ఎరువులే.

పిల్ల వదిలే ముందే చేయాల్సింది

ఈ లెక్కంతా 32వ రోజున కాకుండా పిల్ల రాకముందు చేస్తే రెండు లక్షల పిల్లలో పోయేది తగ్గుతుంది. చెరువు నింపిన వారానికి నీరు పంపి, పొటాషియం సరిచేసి, మట్టి వాటా పోయాక మళ్ళీ కొలిచి, ఆ తర్వాతే సీడ్ ఆర్డరు. హేచరీ వాళ్ళు 4 పీపీటీకి అలవాటు చేశామంటే అది పలచన చేసిన సముద్రపు నీటి 4 పీపీటీ. ఆ పిల్ల మీ బోరు నీటి 4 పీపీటీకి అలవాటు పడినట్టు కాదు. చెరువు నీరు ముందే ఇరవై లీటర్లు పంపి అందులో వంద పిల్లని 48 గంటలు ఉంచి చూడమనడం ఉత్తమం. పీఎల్-10 (పోస్ట్ లార్వా దశలో పదో రోజు) కంటే చిన్న పిల్లకి మొప్ప రేకులు పూర్తిగా ఏర్పడి ఉండవు, తక్కువ ఉప్పు నీటికి వాటిని అడగనేకూడదు.

పంట మధ్యలో నీరు తగ్గి బోరు వేసిన ప్రతిసారీ లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఆవిరైపోయేది నీరే, ఉప్పు చెరువులోనే ఉంటుంది. పైగా బోరు నీరు కొత్త సోడియం తెస్తుంది. ఈ చెరువు బోరులో సోడియం 2,200, పొటాషియం 14 అనుకుంటే, కాలువ నీటితో సగానికి సగం కలిసినప్పుడు మొదటి రిపోర్టు అంకెలే వస్తాయి. ఎకరాకి ఒక అంగుళం నీరంటే 103 ఘనపు మీటర్లు. అంగుళం బోరు నీటితో 226 కిలోల సోడియం వస్తుంది. దానికి 40:1 లెక్కన 5.6 కిలోల పొటాషియం కావాలి, నీటితో వచ్చేది 1.4 కిలోలు. లోటు 4.2 కిలోలు. బోరు స్విచ్ వేసిన రోజు, అంగుళానికి ఎనిమిదిన్నర కిలోల ఎంఓపీ.